హెర్నియా అన్నారు

పోయిన వారం మనం ఎస్తేర్‌ని చేవెళ్లలో ఒక దవాఖానలో, డాక్టరమ్మ ఎదురుగా కూర్చోబెట్టి వచ్చాం. మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ పిల్ల ఎస్తేర్ ఎనిమిది వందల మీటర్ల పరుగులో ఒకనాడు దేశంలోని జూనియర్ అమ్మాయిలందరినీ వెనక్కి నెట్టి ఆసియా పోటీల దాకా వెళ్లింది. ఆ తర్వాత ఒక చిన్న ఆపరేషన్ అయింది. హెర్నియా అన్నారు. అప్పటినుంచి ఆమె పరుగు ఏడాదికేడాది పడిపోతూ వచ్చింది. ఒంట్లో వేడి ఆవిర్లు, పట్టని నిద్ర, నాలుగు మెట్లెక్కితే ఆయాసం. చివరికి కూరగాయలకని నడిచి వెళుతుంటే మోకాలి కింద ఎముక చిట్లింది. కింద పడలేదు, ఏదీ తగల్లేదు, ఊరికే చిట్లింది. ఆ ఎక్స్‌రే చూసి ముఖం మారిన డాక్టర్ సింధుజ రక్తపరీక్షలు చేయించింది, పొట్ట స్కానింగ్ చేయించింది. అన్నీ ముందు పెట్టుకుని మళ్లీ ఒకసారి చూసింది. తర్వాత ఎస్తేర్ తల్లి మేరీ వైపు తిరిగి, "అమ్మా, మీరు జర బయట కూర్చుంటరా" అన్నది.

మేరీ కదల్లేదు. ఒళ్లో ఉన్న సంచిని ఇంకాస్త దగ్గరికి లాక్కున్నది.

"నేను తల్లిని మేడం. నా ముందల చెప్పరాని మాటేముంటది?"

"చెప్పరాదని కాదమ్మా. ఆమెకు ఇరవై దాటినయి. ఆమె ఒంటి సంగతి ముందు ఆమెకు చెప్పాలె. మీకు చెప్పాల్నా వద్దా అనేది తర్వాత ఆమె ఇష్టం."

ఆ మాట ఎస్తేర్‌కి వింతగా వినిపించింది. క్యాంపుల్లో ఎంతోమంది ఆమె రక్తం తీశారు, బరువు చూశారు, గుండె చప్పుడు విన్నారు. వాళ్లంతా చెప్పాల్సింది కోచ్‌కి చెప్పేవాళ్లు. కోచ్ తనకు తోచినంత ఆమెకు చెప్పేవాడు. అలాగే ఉంటుంది కాబోలు అనుకునేది.

"నువ్వు బయట కూసో అమ్మా," అన్నది. మేరీ లేచి, గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి చూసి వెళ్లింది.

సింధుజ కుర్చీని బల్ల అవతలి నుంచి ఇవతలికి జరుపుకుని ఎస్తేర్ పక్కన కూర్చున్నది.

"హెర్నియా ఏ పక్క అన్నరు నీకు?"

"కుడి పక్క మేడం."

"మరి ఎడమ పక్క కోత ఎందుకున్నది?"

ఎస్తేర్ చెయ్యి దానంతట అదే గజ్జల మీదికి పోయింది. రెండు కోతలున్నాయని ఆమెకు తెలుసు. కట్టు విప్పిననాడే చూసుకుంది. "ఒక దిక్కు వచ్చినోళ్లకు రెండో దిక్కు గూడ వస్తదంట. అందుకని ముందుగాలనే కుట్టేసిండ్రని సార్ చెప్పిండు."

"సార్ అంటే ఆపరేషన్ చేసిన డాక్టరా?"

"కాదు మేడం. మా కోచ్."

సింధుజ అది కాగితం మీద రాసుకుంది. "పీరియడ్స్ ఎప్పుడన్న వచ్చినయా?"

"రాలే. ఎక్కువ ఉరికేటోళ్లకు రావని చెప్పిండ్రు. ఉరుకుడు బందు పెట్టినంక వస్తయన్నరు."

"అది గూడ సారే చెప్పిండా?"

ఎస్తేర్ తల ఊపింది. బయట నర్సు ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది. ఆ పేరు మనిషి అక్కడ లేడేమో, పిలిచిన పేరే మళ్లీ మళ్లీ పిలుస్తోంది.

"ఎస్తేర్, నేను చెప్పేది మెల్లగ చెప్త. తెలియకపోతే అడుగు. నాకు తెలిసింది చెప్త, తెల్వంది తెల్వదంట." సింధుజ గొంతు మామూలుగానే ఉంది, కానీ ఒక్కొక్క మాటా ఏరుకుని చెబుతోంది. "నీకు పుట్టుకతోనే గర్భసంచి లేదు. ఆడపిల్లలకు అండాలు తయారయ్యే గ్రంథులుంటయి చూడు, నీకు ఆ జాగాల వేరే రకం గ్రంథులు ఉండి ఉంటయి. మగపిల్లలకు ఉండేటివి. బయటికి రాకుండ లోపల్నే, గజ్జల దగ్గర ఉండిపోతయి. కొందరు గిట్ల పుడతరు. అది జబ్బు కాదు. నీ ఒంటికి కావాల్సిన హార్మోన్లన్నీ అవే తయారు చేస్తుండె. నీ బొక్కలకు బలం, నీ కండకు బలం, నీ నిద్ర, అన్నీ వాటి మీదనే నడుస్తుండె. ఇప్పుడు స్కానింగ్ల అవి లేవు."

"లేవంటే?"

"తీసేసిండ్రు. నీకు జరిగిన ఆపరేషన్ హెర్నియా ఆపరేషన్ కాదు."

ఎస్తేర్‌కి మాటలు వినబడుతున్నాయి కానీ ఒకదానితో ఒకటి అతుక్కోవడం లేదు. ఆ రోజు గుర్తొచ్చింది. నగరంలో ఏసీ గది. సార్ తెచ్చిన అరటిపండ్లు. మంచం పక్కన ఎవరో ఒక కాగితం పట్టుకుని ఇక్కడ సంతకం చెయ్యమ్మా అంటే చేసింది. ఇంగ్లిష్‌లో ఉంది. అప్పుడు ఆమె ఇంటర్ పాసై రెండు నెలలు కూడా కాలేదు. త్వరగా అయిపోతే త్వరగా మైదానానికి పోవచ్చు, అంతే ఆమెకు ఉన్న ఆలోచన.

"అంటే నేను ఆడపిల్లను కాదా మేడం?"

సింధుజ ఒక్క క్షణం కూడా ఆగలేదు. ఆలోచించి చెబుతున్నట్టు కనిపించకూడదనే అంత త్వరగా చెప్పిందని ఎస్తేర్‌కి చాలాకాలం తర్వాత గానీ అర్థం కాలేదు. "ఆడపిల్లవే. ఆడపిల్లగ పుట్టినవ్, ఆడపిల్లగ పెరిగినవ్. లోపల కొంచెం వేరేగ తయారైనవ్, అంతే. నీలాంటోళ్లు మనం అనుకునేదానికంటే ఎక్కువ మందే ఉంటరు. చానామందికి తమ సంగతి తమకే తెల్వదు. నువ్వు ఉరికేదానివి గాకపోతే నీకూ ఇప్పట్ల తెల్వకపోవునేమో."

"మరి ఎందుకు తీసిండ్రు? అవి ఉంటే సచ్చిపోతుంటినా?"

"లేదు. ముందుముందు కొందరికి అక్కడ గడ్డ అయ్యే అవకాశం ఉంటది, కాబట్టి అప్పుడప్పుడు చూపించుకోవాలె. అర్జెంటుగ కోసెయ్యాల్సిన పనేం లేదు. కోసే ముందు నీకు పూర్తిగ చెప్పాలె. నువ్వు సరేనంటేనే కొయ్యాలె. కోసినంక జీవితాంతం హార్మోన్ మందు ఇయ్యాలె. నీకేమన్న మందులిచ్చిండ్రా?"

"నొప్పి గోళీలు ఇచ్చిండ్రు."

సింధుజ కళ్లజోడు తీసి చీర కొంగుతో తుడుచుకుంది. తుడవాల్సిన మరకేమీ దాని మీద లేదు. "అందుకే నీ బొక్కలు గిట్లయినయి. అరవై ఏండ్ల ముసలమ్మకు ఇంతకంటే గట్టిగ ఉంటయి. ఈ రోజు నుంచే మందులు మొదలుపెడదాం. గట్టిపడతయి. కానీ టైం పడతది." కాస్త ఆగి అన్నది, "వాళ్లు తీస్తుంటే నేను చూడలే. స్కానింగ్‌ల ఉండాల్సినవి లేవు, రెండు దిక్కుల కోతలున్నయి, రక్తంల హార్మోన్లు అడుగంటినయి. వీటిని బట్టి చెప్తున్న. ఎందుకు చేసిండ్రో వాళ్లనే అడుగు. నీకు చెప్పాల్సిన బాధ్యత వాళ్లది. అడిగే హక్కు నీది."

బయటికొచ్చేసరికి మేరీ బెంచీ చివర కూర్చుని ఉంది. కూతురి ముఖం చూడగానే లేచి నిలబడింది. ఎస్తేర్ తల్లి భుజం పట్టుకుని కుంటుతూ రోడ్డు దాకా నడిచింది. చేవెళ్ల చౌరస్తాలో ఎండ ఇంకా దిగలేదు. క్యారెట్ మూటలు ఎక్కించుకున్న డీసీఎం వ్యాను ఒకటి రోడ్డుకి అడ్డంగా ఆగిపోతే వెనక బండ్లన్నీ హారన్లు కొడుతున్నాయి. ఆ గోలలో, మూసేసిన ఒక దుకాణం మెట్టు మీద కూర్చుని, ఎస్తేర్ తల్లికి అంతా చెప్పింది. ఏదీ దాచలేదు. గర్భసంచి లేదన్న మాట దగ్గర మాత్రం ఆమె గొంతు సన్నబడింది.

మేరీ ఏడవలేదు.  హిమాయత్‌నగర్ అవతల పాలీహౌస్‌లో గులాబీలు కోసే పని ఆమెది. ముళ్లు గీసుకుపోయిన చేతులను ఒళ్లో పెట్టుకుని వాటినే చూస్తోంది.

"నీకు తెలుసా అమ్మా?"

"నాకు గడ్డ అని చెప్పిండు."

"ఎవరు?"

"మీ కోచ్ జ్ఞానేశ్వర్ సార్. మనింటికి వచ్చిండు. లోపల గడ్డ ఉన్నది, ఇప్పుడే తియ్యకపోతే క్యాన్సర్ అయితదన్నడు. పిల్లకు చెప్పకు, భయపడితే పరుగు ఆగమైతది, దానికి హెర్నియా అని చెప్దాం అన్నడు. మీ బాపు గూడ సరేనన్నడు. నేనూ సరేనన్న." మేరీ ఒక్కసారి కూతురి చెయ్యి పట్టుకుంది. "ఆపరేషన్ అయినంక ఆదివారం చర్చిల నిలబడి సాక్ష్యం చెప్పిన బిడ్డా. నా బిడ్డ కడుపుల గడ్డ తీసేసిండ్రు, దేవుడు కాపాడిండు అని. అందరు చప్పట్లు కొట్టిండ్రు."

 తనకొక అబద్ధం, తల్లికొక అబద్ధం. పొరపాటు జరిగిన చోట ఒకటే మాట ఉంటుంది. రెండు మాటలున్నాయంటే ఎవరో కూర్చుని ఆలోచించి ఉండాలి.

"ఇంటికి పోదాం పా," అన్నది మేరీ.

"ఇంటికి కాదు. మైదానంకాడికి పోదాం."

ఇద్దరూ షేర్ ఆటో ఎక్కారు. మధ్యలో కూర్చున్న కాలేజీ పిల్లలు గండిపేట దగ్గర కొత్తగా తెరిచిన హోటల్ గురించి నవ్వుకుంటూ మాట్లాడుతున్నారు. ఆటో గుంతలో పడినప్పుడల్లా ఎస్తేర్ కాలు జివ్వుమంటోంది. ఆమె మాత్రం జ్ఞానేశ్వర్ సార్ గురించే ఆలోచిస్తోంది. బడి నుంచి ఇంటికి ఆటోతో పందెం వేసుకుని ఉరికే పిల్లను చూసి, వెంటపడి పేరు అడిగిన మనిషి. తన పాత బూట్ల లోపల దూది కుక్కి ఆమె కాళ్లకు తొడిగిన మనిషి. నేషనల్స్‌లో గెలిచిననాడు స్టేడియం వెనక్కి పోయి ఒంటరిగా ఏడ్చిన మనిషి. ఆయన కాదేమో. ఆయన్ని కూడా ఎవరో మోసం చేసి ఉంటారేమో. మొయినాబాద్ వచ్చేలోపు ఆ మాట తనకు తానే ఎన్నిసార్లో చెప్పుకుంది.

మైదానంలో పిల్లలు అప్పుడే వచ్చి ఒళ్లు వేడి చేసుకుంటున్నారు. జ్ఞానేశ్వర్ నడుం వంచి మట్టి ట్రాకు మీద సున్నంతో గీతలు వేస్తున్నాడు. యాభై దాటినా ఇప్పటికీ హర్డిల్స్ పరుగెత్తేవాడిలాగే సన్నగా ఉంటాడు. ఎస్తేర్ కుంటుకుంటూ రావడం చూసి సున్నం డబ్బా కింద పెట్టి ఎదురొచ్చాడు.

"నడవద్దని చెప్పిన గద బిడ్డా. ఫోన్ చేస్తే నేనే వస్తుంటి." మేరీకి దండం పెట్టాడు. మేరీ తిరిగి పెట్టలేదు.

"సార్, నాకు ఏం తీసిండ్రు?"

"ఏంది?"

"ఆపరేషన్ల నాకు ఏం తీసిండ్రు?"

జ్ఞానేశ్వర్ పిల్లల వైపు చూశాడు. "మీరు రౌండ్లు కొట్టుండ్రి. నేను పిలిచేదాక ఆగొద్దు," అని కేకేసి, సిమెంటు మెట్ల మీద కూర్చున్నాడు. కూర్చోమని వాళ్లకు చెప్పలేదు. ఆయన అడగలేదు కూడా, ఎవరు చెప్పారని. ఆ ఒక్కదానితోనే ఎస్తేర్‌కి ఆటోలో పెట్టుకున్న ఆశంతా కరిగిపోయింది.

"తెలిసిపోయిందా," అన్నాడు.

మేరీ అక్కడే మెట్టు అంచున కూలబడింది. ఎస్తేర్ నిలబడే ఉంది.

"అంటే మీకు ముందుగాలనే తెలుసా సార్?"

"తెలుసు." ఆయన వేళ్లకంటిన సున్నాన్ని ప్యాంటుకు రుద్దుకుంటున్నాడు. "ఆసియా పోటీలకాడ మీ అందరి రక్తం తీసిండ్రు చూడు..."

"డోపింగ్ పరీక్ష అన్నరు."

"డోపింగ్‌కే తీసిండ్రు. దాంతోని ఇంకోటి గూడ చూసిండ్రు. ఆడోళ్ల పరుగుల ఉరకాలంటే ఒంట్ల మగ హార్మోన్ ఇంతకు మించి ఉండొద్దని అంతర్జాతీయ సమాఖ్యకు ఒక రూల్ ఉన్నది. నీకు దాటింది. ఆ సంగతి మన దిక్కు టీమ్ డాక్టర్‌కు వచ్చింది. ఆయన నన్ను పిలిపించిండు. పిల్ల ఇగ ఉరకలేదు అన్నడు. నాకు పానం పోయినట్టైంది బిడ్డా. ఏం దారి లేదా అని అడిగిన. ఒకటే దారి, ఆపరేషన్ చేసేస్తే లెవెల్ దిగుతది, ఆరు నెలల్ల మళ్లా ట్రాక్ మీద ఉంటది అన్నడు."

"ఆ సమాఖ్యోళ్లు ఆపరేషన్ చెయ్యమన్నరా?"

జ్ఞానేశ్వర్ ట్రాకు వైపు తిరిగాడు. పిల్లలు ఒక గుంపుగా వాళ్ల ముందు నుంచి ఉరికిపోయారు. వాళ్ల కాళ్ల కింద లేచిన దుమ్ము మెల్లగా సర్దుకుంది.

"సార్, అడుగుతున్న."

"అనలే," అన్నాడు చివరికి. "ఆ రూల్‌లనే రాసి ఉన్నది. ఎవ్వరికీ బలవంతంగ ఆపరేషన్ చెయ్యొద్దని. ముందు ఉరికే పిల్లకే చెప్పాలని. గోళీలతోని గూడ తగ్గించుకోవచ్చని. అసలు ఏదీ వద్దంటే వద్దనొచ్చని. రూలే తప్పని కేసు గూడ వేయొచ్చంట. స్విట్జర్లాండ్‌ల ఆటలోళ్లకని ఒక కోర్టు ఉన్నది. నీలాంటి పిల్లలు పోయిండ్రు ఆడికి."

"ఇవన్నీ మీకు ఎప్పుడు తెలిసినయి?"

"ఆపరేషన్ అయినంక. కొన్నాళ్లకు. ఒక వకీలు చెప్పిండు."

"తెలిసినంకనన్న నాకెందుకు చెప్పలే?"

"ఏమని చెప్పాలె బిడ్డా? అయిపోయినదాన్ని తిరిగి పెట్టలేం గదా."

ఎస్తేర్ ఇంతవరకూ ఆయన్ని మీరు అనే పిలిచింది. చిన్నప్పటి నుంచీ అంతే. ఇప్పుడు ఆమె నోట్లోంచి వచ్చిన మాట ఆమెకే పరాయిదానిలా వినిపించింది.

"నువ్వు నన్ను ఒక్కసారన్న అడిగినవా? ఉరుకుడు కావాల్నా, నీ ఒళ్లు నీకు కావాల్నా అని ఒక్కసారి అడిగినవా? నేను ఉరుకుడే బందు పెడుదునేమో. అమ్మతోని గులాబీలు కోసుకుంట బతుకుదునేమో. లేకపోతే ఆ కోర్టుకే పోదునేమో. ఏదో ఒకటి నేను చేసుకుందును గదా. నా బొక్కలు నాకుండేటివి. డాక్టరమ్మ ఏమన్నదో ఎరుకేనా? అరవై ఏండ్ల ముసలమ్మవి నాకంటే గట్టిగుంటయంట. తీసినంక మందులియ్యాలెనంట. ఎవడిచ్చిండు నాకు మందులు?"

"మందుల సంగతి నాకు తెల్వదు. ఒట్టు. తీస్తే అయిపోతదన్నడు టీమ్ డాక్టర్. ఆయన నాకు గూడ చెప్పలే."

"నీకు చెప్తే ఏం లాభం? నాకు చెప్పాలె."

ఆయన తల వంచుకున్నాడు. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నాడని తెలుస్తూనే ఉంది. ఒకప్పుడు ఆ మనిషి కళ్లలో నీళ్లు చూస్తే ఎస్తేర్ గుండె కరిగేది. ఇప్పుడు ఆమెకు ఏమీ అనిపించడం లేదు. ఏమీ అనిపించకపోవడమే ఆమెను భయపెట్టింది.

మేరీ మెల్లగా అడిగింది, "మా ఇంట్ల కూసొని, నా చేతి చాయ తాగుకుంట, గడ్డ అన్నవు సార్. నాకెందుకు గట్ల చెప్పినవ్?"

"నిజం చెప్తే నువ్వు ఒప్పుకోకపోదువు మేరమ్మా."

ఆ మాట ఆయన చాలా మామూలుగా అన్నాడు. దాచుకోవాల్సిన మాట అని కూడా ఆయనకు తోచలేదు.   ఇంతసేపూ ఎస్తేర్ అడుగుతున్న ప్రశ్నలన్నింటికీ అందులోనే జవాబు ఉంది. తెలియక కాదు. అడిగితే వద్దంటారని తెలిసే అడగలేదు.

"నేను కేసు పెడత," అన్నది.  "ఆ టీమ్ డాక్టర్ మీద, నీ మీద. ఆ స్విట్జర్లాండ్ కోర్టు ఏడుంటదో నాకు తెల్వదు. తెలుసుకుంట."

"పెట్టు బిడ్డా. నేను వద్దనను." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. "కానీ ఒకటి ఆలోచించు. పేపర్లల్ల వస్తది. టీవీల వస్తది. ఊర్ల నిన్ను ఎట్ల చూస్తరో, చర్చిల ఎట్ల చూస్తరో. నా ఫికర్ నీ గురించే."

"ఇంతకుముందు గూడ నా గురించే ఫికర్ చేసినవ్. చాలు సార్."

ఎస్తేర్ తల్లిని లేపి, ఆమె భుజం పట్టుకుని వెనక్కి తిరిగింది. గేటు దగ్గర ఆటో ఆగిన చప్పుడైంది. అందులోంచి ఒకావిడ ఆదరాబాదరాగా దిగింది. ఒక చేతిలో ప్లాస్టిక్ బుట్ట, అందులో ఫ్లాస్కు, మడతపెట్టిన దుప్పటి. మొయినాబాద్‌లో బస్టాప్ దగ్గర పూలు అమ్మే వసంతమ్మ. ఆమె కూతురు వర్షిత ఇదే మైదానంలో ఎస్తేర్ తర్వాత వచ్చిన పిల్లలందరిలోకి చురుకైనది. ఇంటర్ చదువుతోంది. మొన్ననే నేషనల్స్‌లో పతకం తెచ్చింది.

"సార్, ఆలస్యమైందా?" అంటూనే వసంతమ్మ ఎస్తేర్‌ని చూసి ఆగింది. ముఖం విప్పారింది. "నువ్వున్నవా బిడ్డా, మంచిగైంది. నీకోసమే అనుకుంటున్న."

జ్ఞానేశ్వర్ ఒక్క ఉదుటున మెట్ల మీద నుంచి లేచాడు. "వసంతమ్మా, నువ్వు పోయి కార్ల కూసో. నేను వస్తున్న."

"ఉండు సార్, ఒక్క మాట." ఆమె ఎస్తేర్ దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది. చేతికి మల్లెపూల వాసన. "మా వర్షిను పొద్దున దవాఖానల చేర్పించిండ్రు. నేను పూలు అమ్ముడుపోయినంక వస్తనంటే సార్ కార్ల తీస్కపోతనన్నడు. దానికి ఒకటే భయం. ఫోన్ల ఏడుస్తున్నది. నీకు గూడ అయిందంట గదా, ఎస్తేర్ అక్కకు ఏం కాలే చూడు అని సార్ చెప్పిండు. నువ్వు జర చెప్పు బిడ్డా, నీ నోటితోని చెప్తే ఇంటది."

 అడిగింది ఎస్తేర్ కాదు, మేరీ.

"ఏం ఆపరేషన్?"

"హెర్నియా అన్నరు," అన్నది వసంతమ్మ. "చిన్నదేనంట. మొన్న పిల్లలందరికీ చెంపల లోపల దూదిపుల్లతోని ఏందో పరీక్ష చేసిండ్రు గదా, దాంట్ల బయటపడ్డదంట."

చెంపలో దూది తిప్పితే హెర్నియా బయటపడదు; తన రక్తంలో వెతికినలాంటిదే వర్షితలోనూ వెతికి ఉంటారు. ఎస్తేర్ జ్ఞానేశ్వర్ వైపు తిరిగింది. ఇప్పుడే, ఈ మెట్ల మీదే, ఆమె ముందే కన్నీళ్లు పెట్టుకున్న మనిషి. ఆ ఏడ్చేటప్పుడు కూడా కారు తాళాలు ఆయన జేబులోనే ఉన్నాయి. ఆయన ఆమె కళ్లలోకి చూడలేదు. రెండు చేతులూ పైకెత్తి, వద్దు, ఏమీ అనొద్దు అన్నట్టు, దండం పెట్టాడు.

వసంతమ్మకు ఇవేమీ కనబడలేదు. అప్పటికే ఆమె ఫోన్ కలిపి ఎస్తేర్ చెవికి ఆనించింది.

"అక్కా," అన్నది వర్షిత. గొంతు దూరం నుంచి వస్తున్నట్టు ఉంది. "అయినంక మళ్లా ఎప్పుడు ఉరకచ్చు అక్కా?"

"వర్షితా, నేను చెప్పేది ఇను. నువ్వు ఏ దవాఖానల ఉన్నవు? పేరు చెప్పు. మంచం దిగు. అమ్మ వచ్చేదాక ఎవ్వరినీ ముట్టనియ్యకు."

 అవతల చక్రాల చప్పుడు, ఎవరో తలుపు తియ్యమంటున్న మాట.

"సూది ఏసిండ్రు అక్కా," అన్నది వర్షిత. నాలుక తడబడుతోంది. "నిద్రొస్తున్నది. ఇప్పుడే లోపలికి తీస్కపోతున్నరు."